మెహబూబీ వద్దన్న చెల్క

రెండో గోతిలో కూడా నీళ్ళూరాయి.

ఆ కబురు మోసుకొచ్చింది ఇమ్రాన్. మోకాళ్ళ దాకా నల్ల బురద, చేతిలో చెప్పులు. వాకిట్లోనే ఆగిపోయి, లోపల కూర్చున్న తల్లి ముఖం చూడకుండా చెప్పాడు.

"అమ్మా, కబరస్తాన్ల యాడ తవ్విన గంతే ఉన్నది. నడుం లోతు పోంగనే నీళ్ళొస్తున్నయ్. పక్కలు జారి మల్ల గుంతలనే పడుతున్నయ్."

మెహబూబీ తలెత్తలేదు. ఆమె ముందు, హాలు మధ్యలో, తెల్లటి కఫన్ గుడ్డలో దస్తగిరి పడుకొని ఉన్నాడు. పొద్దున నమాజుకు లేచి చెంబు పట్టుకున్నవాడు పట్టుకున్నట్టే ఒరిగిపోయాడు. నలభై ఏళ్ళ కాపురంలో ఆ మనిషి తనను అడగకుండా చేసిన పని ఇదొక్కటేనని ఆమె అనుకుంటోంది.

"జేసీబీ ఏమాయె?" అంది.

ఇమ్రాన్ చెప్పులు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు.

"నిన్నే. జేసీబీ ఏమాయె?"

"దిగబడ్డది. గేటు కాడనే. దాన్ని గుంజనీకె ట్రాక్టరు పిలిచిన."

గోడకానుకొని కూర్చున్న ఆడవాళ్ళలో ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు. మెహబూబీకి ఒళ్ళు మండిపోయింది. పలుగూ పారా పట్టుకుంటే వనపర్తిలో సెల్‌ఫోన్లు బాగుచేసే చేతులు కందిపోతాయని, తండ్రి కబర్ తవ్వడానికి జేసీబీని పిలిచిన మొనగాడు ఈ ఊళ్ళో వీడొక్కడే. అదీ ఈ ముసుర్లో, రేగడి నేల మీదికి. ఇంత బతుకూ రేగడిలో బతికి, రేగడి వానకు ఏమవుతుందో తెలియనివాడిని తానెలా కన్నదో ఆమెకు అర్థం కాలేదు.

"నాయిన్ను పెట్టనీకె గుంత తవ్వమంటే, జేసీబీకి గుంత తవ్వినవా?"

"నేనేం చేస్తనే? కాలువొచ్చినకాడికెళ్ళి ఆ జాగంత నీళ్ళూరుతున్నది. పోయినేడు వజీర్ తాతను పెట్టినప్పుడు గూడ గంతే అయ్యె. బొక్కెన్లతోని తోడిరి."

ఆ సంగతి అందరికీ తెలుసు. తోడుతుంటే ఊరుతుంటే, చివరికి బండలు పరిచి, ఆ నీళ్ళ మీదనే వజీర్ తాతను దించారు. పై మన్ను కప్పేలోపే కింద బుడగలొచ్చిన చప్పుడు విన్నామని మోసినవాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. దస్తగిరి కూడా ఆ రోజు మోసినవాళ్ళలో ఒకడు. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. మనిషన్నాక ఇంత పిరికితనం దేనికని మెహబూబీ అప్పుడు కసురుకుంది.

ఇప్పుడు ఆయన్నే ఆ నీళ్ళలోకి దించాలి.  తలుచుకున్న సంగతి పైకి కనబడనివ్వకుండా కఫన్ గుడ్డ అంచు సర్దింది.

"ఆత్మకూరు తీస్కపోదామా అత్తమ్మా?" అంది కోడలు ఇరమ్, తల మీది దుపట్టా సర్దుకుంటూ.

"వాగు రోడ్డు మీదికెళ్ళి పారుతున్నది. బస్సే వాపసు పోయిందంట," అన్నాడు ఇమ్రాన్.

"మరేం చేద్దామంటవ్? సాయంత్రం అసర్ నమాజు అయినంక లేపాలె అంటున్నరు మసీదుకాడ ఖాసీం సాబ్."

పక్కింటి రుక్కమ్మ పొద్దుటి నుంచి మెహబూబీ పక్కనే కూర్చొని ఉంది. ఇంటికి చాయ్ మోసుకొచ్చిందీ ఆమే, వచ్చినవాళ్ళకు చాపలు పరిచిందీ ఆమే. చెప్పాల్సిన మాట నోట్లో నానబెట్టుకొని కూర్చున్నట్టు అప్పటిదాకా ఊరుకొని, మెల్లగా అంది.

"మిట్ట మీద ఎండుగ ఉంటది అక్కా. మీ మరిది హైదర్ చెల్క."

మెహబూబీ ఒక్క చూపు చూసింది. రుక్కమ్మ చాయ్ గ్లాసులు ఏరుకోవడం మొదలుపెట్టింది.

మిట్ట మీది చెల్క! ఊరికి ఉత్తరాన, బండల గుట్ట కింద, ఎర్రగా, గరుగ్గా, పిడికిట్లో పట్టుకుంటే వేళ్ళ సందుల్లోంచి జారిపోయే నేల. వాన వెలిసిన కాసేపటికే అందులో చెప్పులేసుకొని నడవవచ్చు, కాలికి ఇంత మన్నంటదు. ఎంత కురిసినా తాగేసి మూతి తుడుచుకుంటుంది. రాజోలిలో, తుంగభద్ర ఒడ్డున, అడుగు తీసి అడుగేస్తే చెప్పు ఊడిపోయే నల్లరేగడిలో పుట్టి పెరిగిన మెహబూబీకి అది నేలగానే ఆనలేదు. భూమన్నాక నీళ్ళు పట్టుకోవాలి, మనిషి కాలు పట్టుకోవాలి అని ఆమె నమ్మకం.

మామ పోయాక అన్నదమ్ముల పంపకాలు జరిగిన రోజు, "ఆ గులకరాళ్ళు నీ తమ్మునికే పారెయ్. నాకు కాలువ కింది రేగడి కావాలె" అని పదిమందిలో మొగుడితో అన్నది ఆమే. దస్తగిరి తలూపాడు. ఆయన తలూపడానికే పుట్టిన మనిషి. హైదర్ కూడా తలూపాడు. తలలూపే వంశం అని ఆమె అప్పుడే తీర్మానించుకుంది.

ఆ రోజు నుంచి మరిది ఇంటికి ఆమె పెట్టిన పేరు గులకరాళ్ళోళ్ళు. చెల్కలో పల్లికాయ పీకితే ఒక్క కాయ కూడా మన్నులో మిగలకుండా గుత్తులు గుత్తులుగా వస్తోందని ఎవరైనా చెబితే, "మన్నుల కాసేది తినేటోళ్ళకు గంతకన్న ఏమొస్తది" అనేది. హైదర్ పెళ్ళాం మౌలాబీ గట్టు మండలం దిక్కు పిల్ల. మెట్ట పొలాల్లో పెరిగింది. రంజాన్ పండగకు ఉలవలూ కందులూ మూట కట్టి పంపితే, మూట విప్పి చూడకుండానే బర్రె ముందు పోయించింది మెహబూబీ. ఆ తరువాత రాకపోకలు లేవు.

ఇప్పుడు కాలువ కింది రేగడిలో నీళ్ళు నిలిచి నిలిచి తెల్లగా చౌడు పేరుకుంది. రెండు పంటలుగా వరి పచ్చబడటం మానేసి పసుపెక్కుతోంది. ఆ మాట ఎవరైనా ఎత్తితే మెహబూబీకి ఎక్కడలేని పనీ గుర్తొస్తుంది.

"గులకరాళ్ళోళ్ళను అడిగేది లేదు," అంది. "మల్లొక గుంత తవ్వుండ్రి."

"ఎవలు తవ్వాలె? కూలోళ్ళు పారలు పారేసి పోయిండ్రు," అన్నాడు ఇమ్రాన్.

"నువ్వు తవ్వు. చేతులు లేవా?"

ఇమ్రాన్ తన చేతుల వైపు చూసుకున్నాడు. అవి ఉన్నట్టే కనిపించాయి కానీ వాటితో ఏం చెయ్యాలో అతనికి తోచలేదు.

*

హైదర్‌ను ఎవరూ పిలవలేదు. ఆయనే వచ్చాడు.

భుజాన పార, తల మీద యూరియా సంచి గొంగడిలా కప్పుకొని, వాకిట్లోకి వచ్చి నిలబడ్డాడు. సంచీ తీసి గోడకు తగిలించాడు. కాళ్ళు కడుక్కోమని రుక్కమ్మ నీళ్ళివ్వబోయి ఆగింది. కడగడానికి ఏమీ లేదు. చీలమండల మీద నాలుగు ఎర్ర రేణువులు తప్ప ఆ కాళ్ళు శుభ్రంగా ఉన్నాయి. ఇమ్రాన్ తన బురద కాళ్ళు వెనక్కి లాక్కున్నాడు.

హైదర్ అన్న దగ్గర మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ముఖం మీది గుడ్డ తొలగించి చూశాడు. చప్పుడు లేకుండా ఏడ్చాడు. భుజాలు మాత్రం కదిలాయి.

"చూస్తుండ్రు అందరు. ఇగ చాలు," అనుకుంది మెహబూబీ. ఇన్నేళ్ళు గడప తొక్కనివాడికి ఈ కన్నీళ్ళు ఎక్కడి నుంచి వచ్చాయని ఆమెకు చిరాకేసింది. గడప తొక్కవద్దన్నది తానేనన్న సంగతి ఆ నిమిషంలో ఆమెకు అడ్డం రాలేదు.

హైదర్ ముఖం తుడుచుకొని లేచాడు.

"వదినా, కబర్ అయిపోయింది. తవ్వేసిన. లోపల ఎండుగ ఉన్నది. పక్కలు గోడ లెక్క నిలబడ్డయ్. బండలు గూడ పక్కకు తెచ్చిపెట్టిన. ఇగ లేపుడే."

"యాడ తవ్వినవ్?"

"మిట్ట మీద."

"ఎవల్నడిగి తవ్వినవ్?"

హైదర్ ఒకసారి అన్న వైపు చూశాడు.

"అన్నే చెప్పిండు వదినా."

"అన్నా? ఆయినె నీతోని మాట్లాడక ఎన్నేండ్లాయె?"

రుక్కమ్మ చేతిలోని గ్లాసులు ఒకదానికొకటి తగిలి చప్పుడయ్యాయి.

"శుక్రారం శుక్రారం వస్తుండె వదినా," అన్నాడు హైదర్. "నమాజైనంక. పల్లికాయ పీకేటప్పుడు గూడ వస్తుండె. నేనొద్దన్న గూడ వంగి పీకుతుండె. 'నా కాళ్ళు ఈడ దిగబడయి తమ్మీ, గందుకే వస్త' అంటుండె. పోయినేడు వజీర్ తాతను పెట్టొచ్చిన తెల్లారి వచ్చిండు. తూర్పు మూలకు పోయి నిలబడి, 'నన్ను ఆ నీళ్ళల్ల పెట్టనియ్యకు. ఈడ పెట్టు. ఈ మన్ను నీళ్ళను ఆపుకోదు, నన్ను తడవనియ్యది' అన్నడు. నాతోని ఒట్టేయించుకున్నడు."

మెహబూబీ చూపు గడప దగ్గరున్న మొగుడి చెప్పుల మీదికి పోయింది.

శుక్రవారాలు! మోకాళ్ళ నొప్పులకు ఆత్మకూరు దవాఖానకు పోతున్నానని చెప్పేవాడు. సాయంత్రం వచ్చి చెప్పులు దులుపుకుంటుంటే ఎర్రమన్ను రాలేది. బస్టాండు మన్ననుకుని తానే చీపురుతో ఊడ్చింది. మందులేవీ అని అడిగితే, సూది వేశారనేవాడు. ఆ సూదులకు నొప్పి ఎలా తగ్గుతోందా అని అప్పట్లో ఆమె ఆశ్చర్యపోయింది కూడా.

"నీకు తెలుసా?" అంది రుక్కమ్మ వైపు తిరిగి.

"ఊరందరికి తెలుసు అక్కా," అంది రుక్కమ్మ, నేల చూపులు చూస్తూ.

అంటే తెలియనిది తనొక్కతికే. మెహబూబీ మొగుడి ముఖం వైపు చూసింది. తలూపుతూ తలూపుతూ తన కళ్ళ ముందే తిరిగిన ఈ మనిషి, తాను ఉమ్మిన నేల మీదికి పోయి వారం వారం సుఖపడి వచ్చాడు. ఇంకో ఆడదాని ఇంటికి పోయాడని తెలిసినా ఆమె ఇంత కుమిలిపోయేది కాదేమో. అప్పుడు కనీసం తిట్టడానికి ఒక మనిషి ఉండేది. రాళ్ళను ఏమని తిడుతుంది?

తనకు బాగా అలవాటైన గొంతు బయటికి తీసింది.

"సరే. ఆయిన రాత గట్ల ఉన్నది. బంగారమసోంటి రేగడి సంపాయించి పెడితే, పోయి రాళ్ళల్ల పండుకుంటడంట. పండుకోనీ. లేపుండ్రి."

ఊపిరి పీల్చుకున్నవాళ్ళు పీల్చుకున్నారు. ఇమ్రాన్ ముఖంలో మొదటిసారి ఇంత వెలుగు కనబడింది. కష్టపడకుండా కబర్ దొరికింది మరి. ట్రాక్టరును వద్దని చెప్పడానికి ఫోను తీశాడు.

"అట్ల గాదు అక్కా."

గడప దగ్గర నుంచి వచ్చింది ఆ మాట. మౌలాబీ. మొగుడి వెనకే వచ్చి, తడిసిన చీర కొంగు పిండుకుంటూ అప్పటిదాకా బయటే నిలబడి ఉంది. బక్కపలచని మనిషి, ఎండకు కమిలిన ముఖం. ఈ గడప ముందు ఆమె నిలబడి పదేళ్ళు దాటింది.

"నువ్వెందుకొచ్చినవే?" అన్నాడు హైదర్. "ఇంటికి పో."

"పోత. ఒక్క మాట చెప్పి పోత." మౌలాబీ లోపలికి వచ్చింది. ఎవరూ చాప చూపించకపోయినా కూర్చుంది. "అక్కా, ఇయ్యాల డోలా లేపే ముందు బావకు మెహర్ మాఫ్ చేస్తవ్ గద?"

ఆడవాళ్ళు సర్దుకొని కూర్చున్నారు. అది ప్రతి ఇంట్లో జరిగేదే. పెళ్ళినాడు మొగుడు పెళ్ళానికి ఇస్తానన్న మెహర్ ఇవ్వకుండానే కన్నుమూస్తే, మయ్యత్‌ను మోసే డోలా లేపే ముందు పెళ్ళాం 'మాఫ్ చేసిన' అని అందరి ముందూ చెబుతుంది. పోయినవాడు బాకీ లేకుండా పోతాడు.

"చేస్తది. ఎందుకు చెయ్యది? అది అడిగే మాటనా?" అంది ఎవరో ముసలామె.

"అక్క మెహర్ ఏందో మీకు యాదికున్నదా?" అంది మౌలాబీ. "ఆ మిట్ట చెల్కనే."

*

ఎందుకు యాదికి ఉండదు! మెహబూబీకి మాత్రం యాదికి ఉంది.

ఆమె పెళ్ళి రాజోలిలో జరిగింది. ఖాజీ అడిగితే మామ నిలబడి, "మా దగ్గర నగలు లేవు, మెహర్ కింద మా మిట్ట చెల్క రెండెకరాలు కోడలికిస్తున్నం" అన్నాడు. ఆయన మనసులో అది పెద్ద కానుకే. కానీ ఏటి ఒడ్డు మేనత్తలు ఆ మాట విని కొంగులు నోట్లో కుక్కుకున్నారు. "పిల్లకు కంకర రాసిచ్చిండ్రు, రోడ్డేసుకోవొచ్చు" అని ఒకామె అంటే పందిరంతా విరగబడి నవ్వింది. ముసుగులో ఉన్న పెళ్ళికూతురికి చెవులు ఎర్రబడ్డాయి. ఆ నవ్వు పుట్టించిన కసిని ఆమె నలభై ఏళ్ళుగా ఆ నేల మీదే తీర్చుకుంటోంది.

"నువ్వు పంపకాలప్పుడు పారేసినవ్ గాని, మాఫ్ చెయ్యలె అక్కా," అంటోంది మౌలాబీ. "పాస్‌బుక్ ఈయిన పేర్నే ఉన్నది. అయినా ఈయినకు అది పరాయి సొమ్మే. ఇన్నేండ్లు పల్లికాయ ఏసిండు, ఆముదాలు, కందులు, ఉలవలు. అన్నీ ఏడాదిల వచ్చి ఏడాదిల పోయేటివి. ఒక్క చెట్టు పెట్టలె. మామిడికి గంత మంచి నేల ఈ చుట్టుపక్కల లేదని వచ్చినోళ్ళందరు చెప్పిరి. నీళ్ళు నిలవయి, ఏరు కుళ్ళది, ఎంత లోతుకైన పోతది. పెట్టయ్యా అంటే, 'వదిన మెహర్ల నేను చెట్టు పెడ్తనా? రేపు నన్ను దేవుడు జవాబడగడా?' అంటడు. నాకు పిల్లలు లేరా? వాళ్ళకు నీడ వద్దా?"

"మౌలా, ఇగ ఊకో," అన్నాడు హైదర్. "మయ్యత్ ముంగట భూమి ముచ్చటనా? సిగ్గు లేదా?"

"సిగ్గుపడుడు మన పనే గద ఎప్పటికి. జర సేపు వేరేటోళ్ళు పడనీ." మౌలాబీ మెహబూబీ వైపే చూస్తోంది. "నేను కొత్తది అడుగుతలేను అక్కా. రివాజ్ ఉన్నదే అడుగుతున్న. ఉమ్మేయనీకె గూడ పనికిరాదంటివి. మేకలు గూడ మూతి పెట్టయంటివి. అసోంటిదాన్ని మాఫ్ చేయనీకె నీకేం బరువు?"

బరువే. అదే మెహబూబీకి అంతుపట్టలేదు. ఇన్నేళ్ళలో ఆ చెల్క ఎవరికి పోయినా ఆమెకు లెక్కలేదు. ఈ పొద్దున అడిగి ఉంటే తీసుకుపొమ్మని విసిరేసేది. ఈ ఒక్క గడియలోనే అది బరువెక్కింది. అందులో మొగుడి శుక్రవారాలున్నాయి. తడవని కబర్ ఉంది. ఎదురుగా కూర్చున్న ఈ గట్టు మనిషి అందులో మామిడి తోట కూడా చూసేసుకుంటోంది.

ఇరమ్ అత్త పక్కకు జరిగి, చెవిలో గుసగుసలాడింది.

"అత్తమ్మా, చెయ్యకు. కింది భూమి చౌడెక్కింది, ఇంకో రెండేండ్లకు గడ్డి గూడ మొలవది. మనకు నిలబడేది ఆ చెల్కనే. మామిడి మనం పెట్టుకుందాం."

కోడలి మాటల్లో కన్నీటి తడి లేదు. మామ హాలు మధ్యలో ఉండగానే ఎకరాకు ఎన్ని మొక్కలు పడతాయో లెక్కేసుకున్న గొంతు అది. ఇంత ఆశ ఉన్నదాన్ని ఇంటికి తెచ్చుకున్నందుకు తన మీద తనకే రోత పుట్టింది మెహబూబీకి. ఆ రోతలోనే, అది చెప్పిన మాట నిజమేనని కూడా తెలిసింది.

ఇటు నుంచి ఇమ్రాన్.

"చెప్పెయ్ అమ్మా. టైమ్ అయితున్నది. రాళ్ళే గద, నువ్వే అంటవ్."

తన మాటే తన కొడుకు నోట్లోంచి వస్తే ఎంత పేలవంగా ఉందో ఆమెకు అప్పుడు వినబడింది.

*

అసర్ అయింది. మసీదు పెద్ద ఖాసీం సాబ్ నలుగురు మగవాళ్ళతో వచ్చాడు. శవాన్ని మోసే డోలాను వాకిట్లో దించారు. వాన కాస్త తెరిపిచ్చింది. పొద్దు గూకేలోపు మిట్ట ఎక్కాలని తొందరపడుతున్నారు.

దస్తగిరిని డోలాలోకి చేర్చారు. ఆడవాళ్ళంతా ఆఖరిచూపు చూసి పక్కకు తప్పుకున్నారు. రుక్కమ్మ నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఏడ్చింది. ముందు కర్ర పట్టడానికి హైదర్ వచ్చాడు. ఆయన పక్కన ఇమ్రాన్ నిలబడ్డాడు.

ఖాసీం సాబ్ గొంతు సవరించుకున్నాడు.

"మెహబూబీ బిడ్డా, ఇగ దస్తగిరి మన నడుమ లేడు. ఆయిన నీకియ్యాల్సిన మెహర్ ఉన్నది. అది నీ హక్కు. అడుగు అననీకె గాని, ఇడిసిపెట్టు అననీకె గాని మాకు అధికారం లేదు. రివాజ్ కాబట్టి అడుగుతున్న. మాఫ్ చేస్తివా?"

మెహబూబీ గడప లోపల నిలబడింది. మొగుడి ముఖం మీది గుడ్డ ఇంకా కప్పలేదు. ఎప్పటిలాగే, ఆమె ఏమంటే దానికి తలూపడానికి తయారుగా ఉన్నట్టుంది ఆ ముఖం. బతికి ఉండగా ఒక్కసారి ఎదురు తిరిగి ఉంటే! 'నాకు ఆ నేలంటే ఇష్టమే' అని ఒక్క మాట అని ఉంటే! తాను అరిచేది, కసిరేది, అయినా వినేది. ఇప్పుడు ఎవరితో పోట్లాడాలి?

గుమ్మం పక్కన మౌలాబీ చేతులు కట్టుకొని నిలబడి ఉంది. ఆ ముఖంలో జాలి ఉంటే మెహబూబీ ఏమనేదో తెలియదు. జాలి లేదు. నువ్వింతే, నువ్వు అంటావు, అనక ఎక్కడికి పోతావు అన్న ధీమా ఉంది. ఇన్నేళ్ళు తన కళ్ళలోంచి మౌలాబీ మీదికి పోయిన చూపే ఇప్పుడు తన మీదికి వస్తోంది.

"చెయ్య," అంది మెహబూబీ.

ఖాసీం సాబ్‌కు వినబడలేదేమోనని మళ్ళీ అడగబోయాడు.

"మాఫ్ చెయ్య. ఆ చెల్క నా మెహర్. అది నాది. పాస్‌బుక్కులు మీరు మీరు రాసుకున్నరు, నన్నడిగి రాసిండ్రా? నా మొగడు నా చెల్కల పండుకుంటడు. ఎవ్వల దయ నాకొద్దు. ఇగ లేపుండ్రి."

ఊరి ఆడవాళ్ళు నోళ్ళు నొక్కుకున్నారు. ఇరమ్ మాత్రం తల వంచుకొని దుపట్టా చాటున ఊపిరి వదిలింది. ఇమ్రాన్ తల్లినీ చిన్నాయననూ మార్చి మార్చి చూశాడు.

మెహబూబీ గెలిచింది. ఎవరి ముందూ చెయ్యి చాపలేదు. ఇక హైదర్ అరవాలి, తిట్టాలి, ఇన్నేళ్ళు దున్నిన చెమట గురించి చెప్పుకోవాలి. అప్పుడు తాను అనాల్సిన మాటలు ఆమె దగ్గర తయారుగా ఉన్నాయి.

హైదర్ అరవలేదు. డోలా కర్ర మీది నుంచి చెయ్యి తీశాడు. చెప్పులు విప్పి, వాకిలి దాటి వచ్చి, గడప బయట నిలబడ్డాడు. ఆయన ముఖం పాలిపోయి ఉంది. గొంతు మాత్రం సాఫీగా ఉంది.

"మంచిది వదినా. నీదే. నేనెప్పుడు కాదనలె."

"మరేంది? లేపు."

"నీ చెల్కల నిన్నడగకుంట గుంత తవ్విన. తప్పయింది, మన్నించు." హైదర్ చేతులు జోడించాడు. "తవ్వకముందు అడగాల్సింది. ఇప్పుడడుగుతున్న. మా అన్నను నీ చెల్కల తూర్పు మూలకు పెట్టుకుంట. ఆరడుగుల జాగ. ఇస్తవా?"

డోలా చుట్టూ నిలబడ్డ మగవాళ్ళంతా ఆమె వైపు చూశారు.

ఇస్తానంటే చాలు, అయిపోతుంది. చెయ్యి పైన తనదే, కింద హైదర్‌ది. ఆమెకు కావలసింది అదే. అయినా నాలుక కదలలేదు. తాను గులకరాళ్ళోడన్నవాడు, తన మెహరని ఒక్క చెట్టు నాటనివాడు, తన మొగుడికి తానివ్వని చోటు ఇన్నేళ్ళు ఇచ్చినవాడు, ఇప్పుడు తన మొగుడి కోసమే తన ముందు చేతులు జోడించి అడుగుతున్నాడు. ఆ చేతులు జోడించిన తీరులో వెటకారం ఉందేమోనని ఆమె వెతికింది. దొరికి ఉంటే ఆమె బతికిపోయేది.

"ఇస్తవా వదినా?"

కప్పు అంచు నుంచి నీళ్ళు మళ్ళీ ధారకట్టాయి. ఖాసీం సాబ్ డోలా మీదికి గొడుగు పట్టాడు.

"అడిగినోనికి జవాబియ్యి అక్కా," అంది మౌలాబీ గుమ్మం పక్క నుంచి, తడి కొంగు ఇంకోసారి పిండుకుంటూ. "భూమున్నోళ్ళు జర తొందరగ చెప్పాలె. మయ్యత్ తడుస్తున్నది."